రేటు పడిన బండి

రాయచోటిలో సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు కొనేటప్పుడు మీటరు చూస్తాం, టైర్లు చూస్తాం, బోనెట్టు ఎత్తి ఇంజను చప్పుడు వింటాం. దాని రేటెందుకు పడిపోయిందో మాత్రం బండిలో కనబడదు. దానికి చరిత్ర చూడాలి.

1980 ప్రాంతంలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌కు డీజిల్ ఇంజను పెట్టింది. చప్పుడెక్కువ, పరుగు తక్కువ. అయితేనేం, పానాలున్న చిన్న షెడ్డులోనూ బాగయ్యేది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద సర్కారు అదుపు తీసేసింది. డీజిల్ మీద 2014 అక్టోబరు దాకా ఉంచింది. ఆ నాలుగేళ్లూ చవక ఇంధనాన్ని చూసి జనం డీజిల్ కార్ల వెంటపడ్డారు. స్కోడా సూపర్బ్ లాంటి పెద్ద సెడాన్లు కూడా డీజిల్‌లో అమ్ముడుపోయాయి.

తర్వాత గాలి మారింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రాగానే చాలా కంపెనీలు డీజిల్ సెడాన్లు ఆపేశాయి.

అట్లా పెద్దోళ్ల బండి కువైట్ సంపాదనకు అందింది. కానీ పడింది బండి రేటే. టర్బో, ఇంజెక్టర్లు, టైమింగ్ బెల్టు ఇప్పటికీ పెద్ద బండి రేట్లే. గువ్వలచెరువు ఘాట్‌లో ఆగిపోతే పానా ఒక్కటే చాలదు, స్కానర్ కావాలి. ఢిల్లీ బండైతే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ అదనం.

అందుకే బేరంలో మిగిలిన డబ్బును మిగులనుకోకండి. మొదటి రిపేరుకు పక్కన పెట్టండి.