ఎడారి ధూళి, తొలకరి వాన, అమరావతి శిల

1859వ సంవత్సరమున అమరావతి స్తూపపు శిల్పఫలకములు మదరాసునుండి ఓడనెక్కి లండను నగరమునకు పోయెను. వానిని 1845లో కృష్ణ ఒడ్డున త్రవ్వించినవాడు గుంటూరు కమిషనరు వాల్టరు ఇలియట్. లండనులో ఆ రాళ్ళు ఒక బండ్లకొట్టములో మూలబడియుండి, 1867లో ఫెర్గుసన్ పండితుని కంటబడి, 1880లో బ్రిటిషు మ్యూజియమునకు చేరెను. ఈ కథ చాలమందికి తెలిసినదే. మేమిచ్చట చెప్పదలచినది శిల్పములను గూర్చి కాదు. ఆ రాతిని గూర్చి, ఆ రాతిపై పడు వానను గూర్చి.

అది పలనాటి సున్నపురాయి. సున్నపురాతికి ఆమ్లము పగ. వంటింటి నాపరాతి గచ్చుపై నిమ్మరసము ఒలికినచోట నునుపు పోయి మచ్చ నిలుచుట గృహిణు లెరుగుదురు. లండను గాలిలో ఆ రోజులలో నిమ్మరసమును మించిన పులుపుండెను. నేలబొగ్గులోని గంధకము మండి, గాలిలో గంధకికామ్లమై, మంచుతోను వానతోను దిగివచ్చుచుండెను. సున్నపుజాతి రాతితో కట్టుచున్న పార్లమెంటు భవనపు గోడలు, కట్టడము ముగియకమునుపే పొరలుగా రాలసాగెను. కారణ మరయుటకు 1861లో ఒక సంఘమును నియమింపవలసివచ్చెను.

ఆ వానను పట్టి తూచినవాడు రాబర్టు ఆంగస్ స్మిత్ అను రసాయనికుడు. ఆయన 1852లో మాంచెష్టరు చుట్టుప్రక్కల వాననీటిని పరీక్షించి, దూరపు పొలములపై గాలిలో అమ్మోనియా కర్బనితము, ఊరి పొలిమేరలో అమ్మోనియా గంధకితము, నడివీధిలో తేటగా గంధకికామ్లము ఉన్నవని చెప్పెను. 1872లో ప్రకటించిన గ్రంథమున ‘ఆమ్లవర్షము’ అను మాటను వాడెను. 1852 అనగానే కృష్ణాతీరమువారికి వేరొక సంగతి జ్ఞప్తికి వచ్చును. బెజవాడవద్ద ఆనకట్ట పని మొదలైనది ఆ యేడే. కెప్టెను ఆర్ దానిని 1855 నాటికి ముగించెను.

మన దేశమున వాననీటిని రసాయనశాలకు తెచ్చిన తొలివారిలో జె. వాల్టరు లెదర్ ఒకడు. ప్రభుత్వ వ్యవసాయ రసాయనికుడైన ఆయన 1906లో భారతదేశపు వర్షము, మంచు అనువాని కూర్పును గూర్చి ప్రకటించెను. ఆయనకు కావలసినది రాతి సంగతి కాదు, పైరు సంగతి: ఆకాశమునుండి పొలమునకు ఎంత నత్రజని దిగుచున్నదని. రాతిని, చెరువును, అడవిని తలచుకొని వానను తూచుట మరల యూరపులో స్వీడను మొదలగు దేశముల చేపల చెరువులు పులిసి, 1960వ దశకమున గోల పుట్టినపిమ్మటనే సాగెను. 1970వ దశకమునుండి మన వాతావరణశాఖ జోధ్‌పూరు, నాగపూరు, పూనా, కొడైకెనాల్, విశాఖపట్టణము మొదలుగా పదిచోట్ల వాననీటిని సేకరించుచు వచ్చినది.

ఆ లెక్కలలో మొదట కనబడినది వింతయే. నిర్మలమైన వాన సైతము కొంచెము పుల్లన. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరగించుకొనుట దీనికి కారణము. పి.హెచ్. అను కొలతలో 7 తటస్థము కాగా అట్టి వాన 5.6 దగ్గర నుండును. ఒక అంకె తగ్గినచో పులుపు పదింతలగును. బొగ్గుపొగ పెరుగుచున్న మన దేశములో వాన ఇంకను పులియవలెను గదా! కాని జోధ్‌పూరులో అది 7ను దాటుట పరిపాటిగా నుండెను.

థారు ఎడారి ధూళిలో సున్నపుపొడి, అనగా ఖటిక కర్బనితము, కలసియున్నది. వేసవి గాలిదుమారములు దానిని ఆకాశమున కెత్తును. ముతక రేణువులు దగ్గరలోనే రాలును. సన్ననివి వెయ్యి కిలోమీటర్లకు పైగా పయనించును. 2006 మార్చి నుండి మే వరకు ఇస్రో నడపిన పరిశోధన యాత్రలో బంగాళాఖాతముపై సైతము ఎడారి ధూళి కానవచ్చెను. ఆ రేణువు మేఘపు బిందువులో మునుగును. అందున్న గంధకికామ్లము దానిని కరగించి జిప్సముగా మారి చల్లబడును. క్రిందనున్న రాతికి జరుగవలసినది పైనున్న ధూళికి జరుగుచున్నదన్నమాట. గంధకము మాయమగుట లేదు, నేలకు దిగుచునే యున్నది. దాని కోరలు మాత్రము పోయినవి.

థారు పేరు ముందు చెప్పితిమి గాని, కృష్ణా మండలమునకు అంతకంటె దగ్గర చుట్టము నల్లరేగడి. దక్కను పీఠభూమి రేగడిలో సున్నపు గడ్డలు విస్తారము. రోహిణీకార్తెలో పడమటి వడగాలి వీచునపుడు బెజవాడ కిటికీల చువ్వలపై పేరుకొను దుమ్ములో, ఎడారి వాటాకన్న ఈ రేగడి, జగ్గయ్యపేట పలనాడుల సున్నపురాతి నేలల వాటా హెచ్చని మా తలంపు. తూర్పున సముద్రమున్నది, మచిలీపట్టణము, దివిసీమల వానలో ఉప్పు కలసియుండును. ఒకే జల్లులో సైతము తొలి నిమిషములలోని చుక్కలు ధూళిని, లవణములను ఊడ్చుకొని వచ్చును, తరువాతివి తేటపడును. ఏడాది అంతయు ఇదే తీరు: తొలకరిలో సున్నము హెచ్చు. నేల తడిసి దుమ్ము లేవని ఆశ్వయుజ, కార్తికముల వానలకు ఆ కాపుదల తక్కువ.

ఇట్లని అమరావతి శిలలను మన వానయే కాపాడినదనుట తొందరపాటు. అవి చాలకాలము మట్టిలో పూడియుండుట వానికి రక్ష. వానకంటె మనిషి చేయియే వానికి గొప్ప శత్రువు. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు క్రొత్త ఊరు కట్టించునపుడు ఆ దిబ్బ రాళ్ళకు గనియైనది. ఎన్నియో ఫలకములు బట్టీలలో కాలి సున్నమైనవి. శిల్పమును కాల్చి గోడకు పూసినవారిముందు పుల్లని వాన యెంత!

అయినను లెక్క మారుచున్నది. 1981 నుండి 2012 వరకు ఆ పది కేంద్రముల వాననీటిని పోల్చిచూడగా పి.హెచ్. దశాబ్దము వెంట దశాబ్దము తగ్గుచున్నదని తేలినది, నత్రితములు పెరిగినవి. మోటారు బండ్ల పొగలోని నత్రజని వాయువులు నత్రికామ్లమగుట అందు కొంత పాత్ర వహించును. మన బొగ్గులో గంధకము తక్కువ, బూడిద హెచ్చు. ఆ బూడిదలోను కొంత క్షారగుణ మున్నది. 1979లో మొదటి యూనిటు నడచిన ఇబ్రహీంపట్టణపు థర్మల్ కేంద్రము పొరుగువారికి ఈ బూడిద సంగతి చెప్పనక్కరలేదు. ఊపిరితిత్తుల కొరకు బూడిదను గొట్టములోనే ఆపవలసినదే, సందేహము లేదు. కాని బూడిద నాపి గంధకమును విడిచిపెట్టినచో, విషము పోక విరుగుడు పోవును. యూరపు, ఉత్తర అమెరికాల వానలలో ధూళి క్షారములు తగ్గి, గంధకమును తగ్గించిన మేలు కొంత కొట్టుకొనిపోయినదని 1994లోనే శాస్త్రజ్ఞులు చూపిరి. మన దేశమున 2015లో థర్మల్ కేంద్రముల గంధకపు వాయువునకు హద్దు విధించిరి. గడువులు పలుమార్లు జరిగెను. 2025లో హెచ్చు కేంద్రములకు సడలింపు దొరకెను.

అమరావతిలో మేలైన ఫలకములు మ్యూజియము కప్పు క్రింద నున్నవి. స్తూపపు దిబ్బచుట్టు నిలచిన సున్నపురాతి పలకలు మాత్రము ఆరుబయట నున్నవి. వానిపై తొలకరి జల్లును పడును, దుమ్ములేని కార్తికపు వానయు పడును.