లిస్టులో ఎవరెవరున్నరు?

పెద్ద టోర్నమెంటు ఏదన్న దగ్గరపడితే దేశం తరఫున ఆడబోయే జట్టులో ఎవరెవరుంటరో ముందే చెప్పడం ఒక ఆట. ఫుట్‌బాల్ విషయంలో ఈ ఆట కలకత్తాలో నడుస్తది, కేరళలో నడుస్తది, గోవాలో నడుస్తది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మాత్రం చాయ్ హోటల్ల కూచున్న పిల్లలు గడగడ చెప్పేది క్రికెట్ లిస్టు. ఫుట్‌బాల్ జట్టు చెప్పమంటే సునీల్ ఛెత్రి దగ్గరనే ఆగిపోతరు.

ఎప్పుడూ ఇట్లనే లేదు. 1950లలో ఒలింపిక్స్‌కు పోయే భారత ఫుట్‌బాల్ జట్టును హైదరాబాద్ మొహల్లాల కూచున్న మనిషి దాదాపు సగం సరిగ్గ చెప్పగలిగేవాడు. దానికి జ్యోతిష్యం అక్కర్లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ల ఆ ఏడు ఎవరు బాగ ఆడుతున్నరో చూస్తే చాలు. ఆ టీమ్ 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిల రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగ ఐదేళ్ళు ఇంకొకరికి దక్కనియ్యలేదు. 1956-57లో, 1957-58లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. అటువంటప్పుడు దేశం జట్టును హైదరాబాద్‌ను పక్కనబెట్టి ఎట్ల తయారుచేస్తరు?

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. సరిగ్గ నెలకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. బొంబాయి నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌ల మూడు గోల్స్ కొట్టిండు. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టుల హైదరాబాద్ మట్టి మీద ఆట నేర్చినవాళ్ళ పేర్లు ఇవి: నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అబ్దుల్ లతీఫ్, అహ్మద్ హుసేన్, సలాం, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్. తంగరాజ్ అప్పటికి ఫౌజుల ఉన్నడు గానీ పుట్టింది హైదరాబాద్‌లనే. బలరాంది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. వాళ్ళందరినీ జట్టుగ మలిచిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం.

ఈ పేర్లను ఇంకోసారి చదవండి. మన తెలుగు పాఠ్యపుస్తకాల్ల, వార్షిక సంచికల్ల, ఆంధ్రుల ఘనత మీద వచ్చిన వ్యాసాల్ల ఎన్నిసార్లు చదివిన్రు? రికార్డు పుస్తకాల్ల కూడ ఇవి నిలకడగ ఉండవు. అజీజుద్దీన్ ఒకచోట ఖాజా అయితడు, ఒకచోట సయ్యద్ అయితడు, ఇంకోచోట పేరు మూడు ముక్కలయి మధ్యల గీతలు పడతయి. రేషన్ కార్డు మీద, ఓటరు లిస్టు మీద మా పేర్లకు పట్టే గతి ఒలింపిక్స్ ఆడినోళ్ళకూ తప్పలేదు.

అసలు పేరు చూసి మనిషి ఎవరో తేల్చే పని మా దిక్కు అంత సులువు కాదు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతంల జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఆ దర్గాకు మొక్కుకొని పుట్టిన పిల్లలకు సైదులు అనో సైదమ్మ అనో పెడతరు. సైదులు అంటే ముస్లిమా, గౌడా, యాదవా, మాదిగా? పేరు చెప్పదు. ఇంటికి పోయి చూడాలె. అట్లాంటి నేల మీద కూడ ఇప్పుడు పేరు వినంగనే లెక్క కట్టుడు మొదలయింది.

ఇక్కడ ఒక రోడ్డు గురించి చెప్పాలె. విజయవాడ నుంచి కోదాడ మీదుగ, సూర్యాపేట మీదుగ హైదరాబాద్ పోయే రోడ్డు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం తూర్పు దిక్కు నుంచి వచ్చింది ఈ రోడ్డు మీదనే. మొదటిరోజు పొద్దున్నే కోదాడ దాకా వచ్చింది. మర్నాడు విమానాలు బాంబులేసినంక సూర్యాపేట చేతికి చిక్కింది. వెనక్కిపోతున్న నిజాం సైన్యం మూసీ మీది వంతెనను పేల్చింది. ఐదు రోజుల్ల అంతా అయిపోయింది. రజాకార్ల దౌర్జన్యం నిజం. ఆ తర్వాత ఊర్లల్ల సామాన్య ముస్లింల మీద జరిగిన హత్యాకాండ కూడ నిజం. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లనైతే అది మరీ ఘోరం. సుందర్‌లాల్ కమిటీ చచ్చినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటరని అంచనా కట్టింది. ఆ నివేదికను 2013 దాకా జనానికి చూపెట్టలేదు. సర్కారు నౌకర్లు పోయినయి, పోలీసు, ఫౌజు కొలువులు పోయినయి, చదువుకున్నోళ్ళు కొందరు కరాచీ దారి పట్టిన్రు.

అది జరిగి మూడేళ్ళు గూడ తిరగకముందే అదే హైదరాబాద్‌ల, అదే పోలీసు శాఖ నుంచి, భారతదేశం జట్టుకు ఆటగాళ్ళు పోవుడు మొదలయింది. దీన్ని మతసామరస్యం అని ఒక్క మాటల తీసెయ్యడం నాకు ఇష్టం లేదు. కొలువు ఉంది, కాబట్టి ఆట ఉంది. పోలీస్ టీమ్‌ల ఆడితే నెల జీతం వస్తది, ఇల్లు గడుస్తది. లతీఫ్‌కైనా నూర్‌కైనా ఆ యూనిఫాం అన్నం పెట్టింది. 1951లో ఢిల్లీల జరిగిన మొదటి ఆసియా క్రీడల్ల ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచిన జట్టుల వీళ్ళిద్దరూ ఉన్నరు. 1948 తర్వాత మా వాళ్ళ ముందు పెట్టిన ప్రశ్న ‘మీరు ఎవరి దిక్కు?’ అని. ఆ ప్రశ్న అడిగినోళ్ళు ఆ లిస్టు చదవలేదు.

రహీం సాబ్ ఉస్మానియాల చదివిన బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్ల పాఠాలు చెప్పిన్రు. పంతులు బుద్ధి ఆటల కూడ పోలేదు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదని షరతు పెట్టి టోర్నమెంట్లు ఆడించిన్రు, బంతి ఒకరి దగ్గర ఆగకుండ అందరికీ పోవాలె అని. ఎడమకాలు రానోళ్ళతోని ఎడమకాలుతోనే ఆడించిన్రు. బూట్లు కొనలేని పిల్లలున్న ఊర్లె పైస ఖర్చు లేకుండ నేర్పే పద్ధతి ఇది. అందుకే గల్లీ నుంచి ఒలింపిక్స్‌కు దారి పడ్డది.

అయితే లిస్టు ముందే చెప్పేవాళ్ళను బోల్తా కొట్టించింది కూడ ఆయనే. 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌ల దక్షిణ కొరియా చేతిల 0-2తో ఓటమి. థాయిలాండ్ మ్యాచ్‌ల డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డయి. సెమీఫైనల్‌కు రహీం సాబ్ అదే జర్నైల్‌ను తీసుకపోయి ఫార్వర్డ్‌ల నిలబెట్టిన్రు. ఈ మాట ముందుగాల చెప్పినోడుంటే అందరూ నవ్వేవాళ్ళు. ఫైనల్‌కు గోల్‌కీపర్‌ను కూడ మార్చి, జ్వరంతోని ఉన్న తంగరాజ్‌ను దించిన్రు. సెప్టెంబర్ 4న అదే కొరియా మీద 2-1. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానియ్యలేదని ఒక భారతీయ అధికారి తప్పుబట్టినందుకు స్టేడియం అంతా మన జట్టును ఈసడిస్తుంటే, చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టేనని ఆ ఆటగాళ్ళు తర్వాత చెప్పుకున్నరు. లయల్‌పూర్‌ల పుట్టి, విభజన కాలంల శరణార్థిగ వచ్చిన సిక్కు. 1948 చూసిన హైదరాబాదీ ముస్లిం కోచ్. ఆ విజయంల ఇద్దరి చెయ్యి ఉంది. అప్పటికే క్యాన్సర్ రహీం సాబ్‌ను తింటున్నది. 1963 జూన్ 11న, 53 ఏండ్ల వయసుల, పోయిన్రు.

ఆయన తర్వాత ఆటగాళ్ళు లేరని కాదు. నయీముద్దీన్, హబీబ్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్ల కాంస్యం తెచ్చిన జట్టుల ఉన్నరు, నయీం కెప్టెన్. 1974లో ఇరాన్‌తోని కలిసి ఆసియా యువజన టైటిల్ పంచుకున్న జట్టుకు షబ్బీర్ అలీ కెప్టెన్. కానీ వీళ్ళు పేరు సంపాదించింది కలకత్తాల. ఇక్కడ పోలీస్ టీమ్ పాత ఊపు తగ్గింది. ఆట చూసి కొలువిచ్చే శాఖలు తగ్గినయి. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది, క్రికెట్‌కు పేరు పడ్డది. 1983 తర్వాత టీవీ చూసిన పిల్లల చేతులకు బ్యాటు వచ్చింది. పేదోడికి నౌకరి తేలేని ఆటను పేదోడు వదిలేస్తడు. ఇందుల ఆశ్చర్యం ఏముంది?

క్రికెట్‌తోని పాటు ఇంకొకటి వచ్చింది. పాకిస్తాన్‌తోని మ్యాచ్ ఉన్న రోజు మా గల్లీల మీద ఒక కన్ను ఉంటది. ఎవరికి చప్పట్లు కొడుతున్నరు, ఎవరు టపాసులు కాలుస్తున్నరు అని. 2024లో రహీం మీద ‘మైదాన్’ సినిమా వచ్చినంక మాల కొందరు ఆ సినిమాను సర్టిఫికెట్ లెక్క చూపెట్టిన్రు. వాళ్ళ బాధ అర్థమయితది గానీ నాకు నచ్చలేదు. రహీం సాబ్ దేశభక్తి నిరూపించుకోవడానికి కోచ్ కాలేదు. ఆట తెలుసు, నేర్పడం తెలుసు, అందుకే అయిన్రు. ఆ సర్టిఫికెట్‌ను నెవిల్ డిసౌజాను ఎవరూ అడగలేదు.

2024 సెప్టెంబర్‌ల భారత జట్టు మన గచ్చిబౌలిల మారిషస్‌తోని ఆడి 0-0తో సరిపెట్టుకున్నది, సిరియా చేతిల 0-3తో ఓడింది. సొంతూరు మైదానంల ఆడిన ఆ జట్టుల హైదరాబాద్ పిల్లగాడు లేడు. మణిపూర్, మిజోరం, పంజాబ్, కేరళ పేర్లున్నయి. వాళ్ళ దగ్గర ఇప్పుడు బడుల్ల మైదానాలున్నయి, అకాడమీలున్నయి. మా మూడు పట్నాల్ల గోల్‌పోస్టు ఉన్న బడి ఎక్కడుందో వెతుక్కోవాలె.

అయినా ఈసారి లిస్టు చెప్పమంటే ఆడపిల్లల జట్టుతోని మొదలుపెడత. అందుల ముందుగ గుగులోత్ సౌమ్య పేరు రాస్త. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన లంబాడా బిడ్డ. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. మగవాళ్ళ లిస్టుకు ఇంకో కాగితం తీసిన. దాని మీద మా దిక్కు నుంచి రాయడానికి ఇంకా పేరు దొరకలేదు.