సీజన్ టికెట్ రాయితీలు (దిగువ శ్రేణి ఫుట్‌బాల్)

సొంత మైదానంలో ఏడాది పొడవునా జరిగే లీగ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకే టికెట్‌ను తక్కువ ధరకు ముందే అమ్మి, ప్రేక్షకులను పెంచుకునే పద్ధతి. ఖాళీ కుర్చీ వల్ల క్లబ్బుకు పైసా రాదు. చవగ్గా అమ్మినా సీజన్ మొదలుకాకముందే డబ్బు చేతికొస్తుంది, గ్యాలరీలో సందడి పెరుగుతుంది.

పేరుపొందిన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ సిటీ. 2007లో నాలుగో అంచెకు పడిపోయిన ఆ క్లబ్బు సీజన్ టికెట్‌ను 138 పౌండ్లకే ఇచ్చింది. ఆ అంచెలో అందరికంటే ఎక్కువ జనం దాని మైదానానికే వచ్చారు. అప్పట్లో జర్మనీ రెండో అంచెలో ఉన్న ఫార్చునా డ్యూసెల్‌డార్ఫ్ 2023లో ఇంకో అడుగు వేసి, కొన్ని మ్యాచ్‌లకు ప్రవేశం పూర్తిగా ఉచితం చేసింది. ఆ ఖర్చు స్పాన్సర్లు భరించారు. అయితే చవక టికెట్ కొన్నవారంతా ప్రతి మ్యాచ్‌కూ రారు, ఒకసారి తగ్గించిన ధరను మళ్లీ పెంచడమూ కష్టమే.

చవక టికెట్‌కు దూరమూ అడ్డు కావచ్చు; తెలుగు నేలపై శ్రీనిధి డెక్కన్ క్లబ్బే అందుకు ఉదాహరణ. 2020లో విశాఖపట్నం పేరుమీదే దానికి జాతీయ ఫుట్‌బాల్ పోటీ అయిన ఐ-లీగ్‌లో ప్రవేశం దక్కింది. కొవిడ్ వల్ల 2021-22 తొలి సీజన్ బెంగాల్‌లో ఆడి, ఆ తర్వాత హైదరాబాద్ శివారులోని డెక్కన్ అరీనాలో స్థిరపడింది. 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానం సాధించింది.  దాంతో విశాఖలోని సీతమ్మధార అభిమానికి సీజన్ టికెట్ ఎంత చవకైనా, ఒక్కో మ్యాచ్‌కు ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం తప్పదు.