రంగు అద్దని టోపీ: జాన్ వుల్మన్ శిష్యత్వం

పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తర అమెరికాలోని బ్రిటిష్ వలసలు సంపన్నమవుతున్న కొద్దీ తేయాకు, పింగాణీ పాత్రలు, వెస్టిండీస్ పంచదార, భారతదేశపు అద్దకపు నూలుబట్టలు ధనికుల ఇళ్లు దాటి మధ్యతరగతి వారి ఇళ్లకూ చేరాయి. చరిత్రకారులు ‘వినియోగ విప్లవం’గా వ్యవహరించే ఈ పరిణామం క్వేకర్లను, అంటే 1650 ప్రాంతంలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధనల చుట్టూ ఏర్పడి, నిరాడంబరతను మతధర్మంగా పాటించిన ‘మిత్రుల సమాజం’ అనే క్రైస్తవ శాఖవారిని, ఇరకాటంలో పడేసింది. పొదుపు, మాట నిలకడ వారి వ్యాపారాలను పెంచగా, ఆ పెంపుతోనే నిరాడంబరత సడలసాగింది. ఈ ఇరకాటానికి ఎదురు నిలిచినవాడు న్యూజెర్సీకి చెందిన జాన్ వుల్మన్ (1720–1772). క్రైస్తవ పరిభాషలో శిష్యత్వమంటే నమ్మిన క్రీస్తు అడుగుజాడల్లో దైనందిన జీవితాన్ని నడపడం. ఆ నడకను వుల్మన్ తన చిట్టాపద్దుల్లోనూ ఒంటిమీది బట్టల్లోనూ పరీక్షించుకున్నాడు.

మౌంట్ హోలీ అనే ఊళ్లో ఆయన ఒక వర్తకుడి వద్ద గుమస్తాగా ఉన్న రోజుల్లో, ఆ వర్తకుడు ఒక నల్లజాతి స్త్రీని అమ్మి, విక్రయపత్రం రాయమన్నాడు. వుల్మన్ ఉద్యోగధర్మంగా రాసిచ్చాడు గానీ, బానిసలను ఉంచుకోవడం క్రైస్తవానికి పొసగదని యజమాని ఎదుట, కొన్న వ్యక్తి ఎదుట అప్పుడే చెప్పాడు. అయినా రాసినందుకు నొచ్చుకుని, తరువాత మరొకరు అటువంటి పత్రం అడిగితే నిరాకరించాడు. అనంతరం దర్జీపని నేర్చి, సొంతంగా దుకాణం నడుపుతూ మొదట కుట్టుసామగ్రి, పిమ్మట బట్టలు అమ్మాడు. బేరం ఏటేటా పెరిగింది, ఆ పెరుగుదలే ఆయనకు బరువుగా తోచింది. బీదవారు స్తోమతకు మించిన సరుకులు అరువుకు కొని, తీర్చలేక కోర్టుల పాలవడం కూడా ఆయన గమనించాడు. అందుచేత 1756 ప్రాంతంలో ఖాతాదారులకు ముందుగా తెలియజేసి, వర్తకాన్ని క్రమంగా ముగించి, సహాయకుడైనా లేని దర్జీపనితోనూ ఆపిల్ మొక్కల పెంపకంతోనూ జీవించాడు.

1757లో దక్షిణ వలసల్లో పర్యటించినప్పుడు, బానిసల యజమానుల ఇంట ఉచితంగా భోజనం చేయడమంటే బానిసల శ్రమఫలాన్ని ఉచితంగా అనుభవించడమేనని భావించి, ఆ ఇళ్లలో పనిచేసే బానిసలకు వెండి నాణేలు తానే ఇచ్చేవాడు, లేదా యజమానుల చేత ఇప్పించేవాడు. మరుసటి సంవత్సరం ఫిలడెల్ఫియా వార్షిక సభ, అంటే ఆ ప్రాంతపు క్వేకర్ల అత్యున్నత నిర్ణయసభ, బానిసల క్రయవిక్రయాలు చేసే సభ్యులను సమాజ వ్యవహారాలకు దూరంగా ఉంచాలని తీర్మానించింది. ఆ తీర్మానం వెనుక వుల్మన్ ప్రసంగ ప్రభావం ఉంది. బానిసలను కలిగి ఉండడాన్నే ఆ సభ 1776లో నిషేధించింది.

బానిసల చేత పండించిన పంచదారను విడిచినట్టే ఆయన అద్దకపు బట్టలనూ విడిచాడు. రంగు మురికిని కప్పిపుచ్చుతుందని, బట్ట మన్నికను తగ్గిస్తుందని, అది అక్కరలేని ఆర్భాటమని ఆయన వాదన. 1762 ప్రాంతంలో బొచ్చు సహజవర్ణంలోనే ఉన్న టోపీ ధరించగా, సరిగ్గా ఆ కాలంలోనే వేషధారణలో కొత్తదనం కోరేవారు తెల్లటోపీలకు ఎగబడుతుండడం వల్ల, ఆయన ఉద్దేశం ఎరగని తోటి క్వేకర్లు కొందరు ముఖం చాటేశారు. ఫ్యాషన్‌ను త్యజించడానికి పెట్టుకున్న టోపీ ఫ్యాషన్‌గా కనిపించింది. 1772లో ఇంగ్లండుకు ప్రయాణమైనప్పుడు, ఓడలోని మంచి గదికి వెలుపల చెక్కిన అలంకారాలు ఆయనకు అనవసర వ్యయంగా కనిపించడంతో నావికులుండే ఇరుకైన దిగువ భాగంలో ప్రయాణించాడు. తపాలా బండ్లు గుర్రాలనూ కుర్రాళ్లనూ హింసిస్తున్నాయని వాటిని ఎక్కక, కాలినడకన యార్క్ చేరి, అక్కడ మశూచితో ఆ అక్టోబరులో మరణించాడు.

ఆయన వ్యక్తిగత వ్రతం తరువాతి తరంలో సామూహిక ఉద్యమమైంది. 1791లో విలియం ఫాక్స్ అనే రచయిత బానిసల శ్రమతో తయారైన పంచదారను మానమని ప్రచురించిన కరపత్రం వేల ప్రతుల్లో వ్యాపించగా, బ్రిటన్‌లో దాదాపు 3 లక్షల మంది మానేశారని బానిస వర్తక వ్యతిరేక ప్రచారకుడు థామస్ క్లార్క్‌సన్ అంచనా వేశాడు. అమెరికాలో ‘స్వేచ్ఛా ఉత్పత్తి’ దుకాణాలు, అంటే కూలి చెల్లించి పండించిన పత్తినీ పంచదారనూ మాత్రమే అమ్మే అంగళ్లు, 1820ల నుంచి వెలిశాయి. కానీ అధిక ధర, నాసిరకపు సరుకు, దాని మూలాన్ని నిర్ధారించడంలోని కష్టం వాటిని ఎదగనివ్వలేదు.

ఇంగ్లండులో ఇదే కాలంలో, తమ పంచదార ఈస్టిండియాదని, బానిసలు చేసినది కాదని చాటే అక్షరాలతో పింగాణీ చక్కెర గిన్నెలు అమ్ముడుపోయాయి. ఆ పంచదారకు ప్రచారం చేసినవారిలో ఈస్టిండియా సరుకుల వర్తకం చేసే లివర్‌పూల్ క్వేకర్ జేమ్స్ క్రాపర్ ఒకడు. మరోవైపు 1843 చట్టం వచ్చేదాకా ఈస్టిండియా కంపెనీ పాలిత భారతదేశంలో న్యాయస్థానాలు బానిసత్వాన్ని గుర్తిస్తూనే ఉన్నాయి. వుల్మన్ కొనకుండా ఉండి చాటిన సాక్ష్యాన్ని గిన్నె కొన్నవారు వెల చెల్లించి తెచ్చుకున్నారు, దానిపై నమ్మకాన్ని పూర్తిగా అక్షరాలకే అప్పగించారు. ఆయన టోపీకి అటువంటి అక్షరాలు లేవు. అందుకే దాన్ని చూసినవారు అపార్థం చేసుకున్నారు, అడిగినవారికి మాత్రం ఆయన కారణం చెప్పవలసి వచ్చింది.