‘కొంజికి యష’ : పాఠకులు పూర్తి చేసిన నవల

సాహిత్యచరిత్ర సాధారణముగా రచయితల చరిత్రగనే వ్రాయబడుచున్నది. కవి యెవరు, ఎప్పుడు పుట్టెను, ఏ గ్రంథములు రచించెను అను ప్రశ్నలకు సమాధానము దొరకినంతనే చరిత్రకారుని పని ముగిసినట్లు భావించు వాడుక యున్నది. కాని పత్రికలలో ధారావాహికముగా వెలువడి, వేలమంది నిత్యము చదివిన నవలల విషయమున ఈ పద్ధతి చాలదు. అట్టి నవల రచయిత చేతిలో నొక రూపమును, పాఠకుల మనస్సులో మరియొక రూపమును పొందును. ఈ రెండును ఒకటి కానప్పుడు దేనిని ఆ నవల యనవలెను? జపాను రచయిత ఒజాకి కోయో వ్రాసిన ‘కొంజికి యష’ను ఆధారముగా గొని ఈ ప్రశ్నను పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నవల పేరులోని ‘యష’ యను మాట మనకు పరాయిది కాదు. అది సంస్కృత ‘యక్ష’ శబ్దమే. బౌద్ధముతోపాటు చీనా మీదుగా జపాను చేరి, అచ్చట క్రూరభూతమను అర్థమున రూఢమైనది. ‘కొంజికి’ యనగా స్వర్ణవర్ణము. మన పురాణములలో యక్షులు కుబేరుని పరిజనులు, నిధులకు కావలివారు. కావున ఈ పేరు వినగనే ధనమును కాచువాడు ధనముచేత భూతమైన కథ మనకు స్ఫురించును. నవలలోని కథయు నదియే.

కోయో 1868లో టోక్యో నగరమున జన్మించెను. 1885లో మిత్రులతో గూడి ‘కెన్యూషా’ యను సాహిత్యసంఘమును స్థాపించెను. 1889లో ‘యోమియూరి’ పత్రికలో చేరి, ఆ పత్రికకు నవలలు వ్రాయుచు కీర్తి గడించెను. 1874లో ప్రారంభమైన యోమియూరి ఆనాటి ‘చిన్న పత్రికల’ కోవలోనిది. రాజకీయచర్చలకు ప్రాధాన్యమిచ్చు ‘పెద్ద పత్రికలు’ విద్యావంతులకై వెలువడగా, చిన్న పత్రికలు చీనా లిపిలోని అక్షరముల ప్రక్కన వాని ఉచ్చారణను సులభలిపిలో ముద్రించి, కొద్దిపాటి చదువు గలవారికిని అందుబాటులోనికి వచ్చినవి. కోయో పాఠకసమాజము ఈ పునాదిపై నేర్పడినది.

‘కొంజికి యష’ 1897 జనవరి 1న ఈ పత్రికలో ప్రారంభమైనది. నడుమ పలుమారులు ఆగుచు 1902 మే నెల వరకు సాగినది. 1898 నుండి షున్యోదో ప్రచురణసంస్థ దానిని సంపుటములుగా వెలువరించినది. కోయో ఉదరమున పుట్టిన క్యాన్సరు వ్యాధిచే 1903 అక్టోబరు 30న మరణించెను. నవల అసంపూర్తిగా మిగిలిపోయినది.

కథను సంగ్రహముగా చెప్పవచ్చును. హజమ కన్‌ఇచి తల్లిదండ్రులు లేని విద్యార్థి. షిగిసావా కుటుంబము అతనిని చేరదీసి చదివించినది. ఆ యింటి కుమార్తె మియా అతనికి నిశ్చయింపబడిన వధువు. నూతన సంవత్సరపు వేడుకలలో నొక యింట యువతీయువకులు చీట్లాట యాడుచుండగా, ధనికుని కుమారుడైన తోమియామ తదత్సుగు మూడువందల యెన్నుల వజ్రపుటుంగరము ధరించి ప్రవేశించును. ఆ కాలమున నొక చిన్న ఉద్యోగికి అది కొన్ని సంవత్సరముల వేతనము. అతడు మియాను కోరును, ఆమె తల్లిదండ్రులు అంగీకరింతురు. కన్‌ఇచిని విదేశమునకు పంపి చదివించెదమని తండ్రి ఆశ చూపును. జనవరి 17వ తేదీ రాత్రి అతామి సముద్రతీరమున కన్‌ఇచి మియాను నిలదీసి, ఆమె మనస్సు మరలదని తెలిసికొని, ఏటేట ఈ రాత్రి చంద్రుని తన కన్నీటితో మసకబార్చెదనని శపథము చేసి, ఆమెను కాలితో తన్ని వెడలిపోవును. తరువాత చదువు విడిచి, వడ్డీవ్యాపారి యొద్ద గుమాస్తాగా చేరి, తానును కఠినుడైన వడ్డీవ్యాపారి యగును.

ఈ కథ యేల పాఠకులనంతగా పట్టినది? దీనికి ఆ సంవత్సరమే కొంత సమాధానము చెప్పును. 1894-95లో చీనాతో జరిగిన యుద్ధమున గెలిచి పొందిన పరిహారధనము నాధారముగా గొని, జపాను 1897లో స్వర్ణప్రమాణమును స్వీకరించినది. ఒక యెన్ను విలువ 0.75 గ్రాముల బంగారముగా నిర్ణయింపబడినది. దేశము తన నాణెమును బంగారమునకు ముడివేసిన సంవత్సరముననే ‘స్వర్ణయక్ష’ కథయు ప్రారంభమైనది. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. కాని పాఠకుల అనుభవము యాదృచ్ఛికము కాదు. చదువుకొన్నవాడు కులమెట్టిదైనను పైకి రాగలడని మెయిజీ యుగము యువకులకు మాట యిచ్చినది. కన్‌ఇచి ఆ మాటను నమ్మినవాడు. అట్టివాని చదువును ఒక ఉంగరము ఓడించినది. పల్లెలనుండి రాజధానికి చదువులకై వచ్చిన ప్రతి పేదవిద్యార్థియు అతామి తీరమున తన్ను తాను చూచుకొనగలిగెను.

రెండవ కారణము భాష. కోయో అంతకుముందు 1896లో ‘తజో తకోన్’ అను నవలను వాడుకభాషకు దగ్గరగా వ్రాసియుండెను. ‘కొంజికి యష’లో నాతడు మరల వెనుకకు మరలి, కథనమును అలంకృతమైన ప్రాచీనశైలిలోను, సంభాషణలను నాటి వాడుకలోను నడిపెను. గ్రాంథిక వ్యావహారికముల వివాదము నెరిగిన మనకు ఇది ఆసక్తికరమైన విషయము. అచ్చట ఈ మిశ్రమము పాఠకులను దూరము చేయలేదు, దగ్గరకు దీసినది. పాత్రలు మాటలాడునప్పుడు తమ యింటి మాట వినబడెను. కథకుడు వర్ణించునప్పుడు తమ బ్రదుకునకు లేని గౌరవము ఆ బ్రదుకునకే అబ్బెను. సంభాషణలో హాస్యమును కొరవడలేదు. జపాను భాషలో వడ్డీవ్యాపారిని చెప్పు మాటయు, మంచుమిఠాయిని చెప్పు మాటయు ఒకే ఉచ్చారణ గలవి. అందుచే వడ్డీవ్యాపారులను ‘ఐసు’ అని ఎగతాళి చేయుట విద్యార్థులలో వాడుకయై, నవలలోనికిని ఎక్కినది.

పాఠకులు ఈ నవలను చదివిన తీరు నెరుగుటకు చంద్రుని శపథమొక చక్కని సాక్ష్యము. జపాను 1873లో చాంద్రమానమును విడిచి సౌరమానపు తేదీలను స్వీకరించినది. చాంద్రమానమున పదునేడవ రాత్రి యనగా బహుళపక్షపు తొలిదినములే. ఆ రాత్రి ఏటేట చంద్రుడు తప్పక వెలుగును. సౌరమానమున అట్లు కాదు. నవల ప్రారంభమైన 1897లో జనవరి 17వ తేదీ పూర్ణిమకు చేరువగనే వచ్చినది. కాని మరుసటి యేడు జనవరి 22న అమావాస్య. ఆనాడు మన దేశమున సంపూర్ణసూర్యగ్రహణము కనబడినది. అనగా 1898 జనవరి 17వ తేదీ రాత్రి, తెల్లవారుజామున ఉదయించు సన్నని చంద్రరేఖ తప్ప, కన్‌ఇచి కన్నీరు కప్పుటకు చంద్రుడే లేడు. శపథము మొదటి యేటనే చెడవలెను. కాని ఈ లెక్క పాఠకుల ఆదరమును తగ్గింపలేదు. వారి తేదీలు క్రొత్తవి, హృదయము మాత్రము పాత పంచాంగమును విడువలేదు. ఆ పాత పంచాంగముననే వారు చంద్రుని చూచిరి.

నవల పూర్తి కాకమునుపే దాని పాత్రలు పుటలు దాటి బయటికి వచ్చినవి. 1898లోనే కవకామి ఒతొజిరో నాటకసమాజము దీనిని రంగస్థలమున ప్రదర్శించినది. తకెయుచి కెయిషు గీసిన ముఖచిత్రము అతామి ఘట్టమును కన్నులకు గట్టినది. కన్‌ఇచికి మూలము కోయో మిత్రుడగు రచయిత ఇవాయా సజనామి యని ప్రచారము బయలుదేరినది. తైషో యుగమున ఈ కథపై పాట పుట్టి వీధివీధిని వినబడినది. 1919లో అతామి తీరమున స్మారకశిల వెలసినది. దాని చెంతనున్న దేవదారుజాతి వృక్షము ‘మియా వృక్ష’మను పేరు పొందినది. ఆ చెట్టు ఎండిపోగా మరియొక చెట్టునకు అదే పేరు పెట్టిరి. 1986లో కన్‌ఇచి మియాను తన్నుచున్న కాంస్యవిగ్రహమును ప్రతిష్ఠించిరి. ఇది కథలోని ఘట్టమే కాని హింసను సమర్థించుట కాదని తెలుపు ఫలకము దానిచెంత చేర్చవలసివచ్చినది.

ఈ ఫలకము మనలను అసలు ప్రశ్న కడకు గొనిపోవుచున్నది. పాఠకులు ఎన్నుకొన్నది నవలలో నొక రాత్రి మాత్రమే. కోయో వ్రాసినది అంతకంటె చాల పెద్దది. అతని మియా కేవలము ధనాశాపరురాలు కాదు. తన సౌందర్యమునకు లోకమేమి వెల కట్టునో యని తెలియగోరిన యువతి. పెండ్లియైన పిమ్మట తన తప్పు గ్రహించి, సంవత్సరములు కుమిలి, కన్‌ఇచికి లేఖపై లేఖ వ్రాయును. అతడు మొదట వానిని విప్పడు. అతడామె మరణించినట్లు కలగని, ఆ కలలో మాత్రమే ఆమెను క్షమించును. పిదప షియోబరా యను ఉష్ణజలక్షేత్రమున ఆత్మహత్యకు సిద్ధపడిన యొక జంటను తన ధనమిచ్చి కాపాడును. అనగా బంగారము భూతమైనట్లే ప్రాణదాతయు కాగలదని రచయిత చూపబోవుచుండెను. కన్‌ఇచి క్రోధము అతామి తీరమున మొదలైనదే కాని, అచ్చట న్యాయమని నిర్ణయింపబడలేదు. తరువాతి సంపుటములన్నియు ఆ క్రోధమునకు విమర్శయే. పాఠకలోకము ఆ విమర్శను విడిచి, క్రోధమును నిలుపుకొన్నది. మియా పశ్చాత్తాపము పుటలలో మిగిలినది, ఆమె పడిన తన్ను కంచుబొమ్మయై నిలిచినది.

ముగింపు లేని నవలకు ముగింపు సమకూర్చుటయు పాఠకుల పనియే యైనది. కోయో శిష్యుడు ఒగురి ఫూయో గురువు విడిచిన ప్రణాళికల సహాయమున 1909లో కథను ముగించెను. 1913లో కొరియాలో జో జుంగ్‌హ్వాన్ ‘మేయిల్ సిన్బో’ పత్రికలో ‘జాంగ్‌హన్‌మోంగ్’ అను పేర దీనిని అనుసరించి వ్రాసెను. అందు నాయకుడు యీ సూయిల్, నాయిక షిమ్ సునే. సముద్రతీరము ప్యోంగ్‌యాంగ్ వద్దనున్న తేడాంగ్ నదీతీరమైనది. చివరకు నాయికానాయకులు మరల కలిసికొందురు. జపాను పాఠకులు విరహమును నిలుపుకొనగా, కొరియా పాఠకులకు పునస్సమాగమము లభించినది.

ఈ సందర్భమున 2000లో హోరి కెయికో యను పరిశోధకురాలు వెల్లడించిన విషయము గమనింపదగినది. ‘కొంజికి యష’కు బెర్తా ఎం. క్లే పేర అమెరికాలో ప్రచారమునందిన ‘వీకర్ దేన్ ఎ వుమన్’ అను చౌక ఆంగ్లనవల ఆధారమని ఆమె నిరూపించినది. అందును పేదప్రియుని విడిచి ధనికుని వరించు యువతి కథ కలదు. దీనివలన కోయో కీర్తికి లోపము కలుగునని తలపనక్కరలేదు. రచయితయు మొదట నొక పాఠకుడే. తాను చదివిన దానిలో నచ్చిన బీజమును గ్రహించి, తన నేలలో నాటెను. అతని పాఠకులు అతని నవల పట్ల చేసినదియు అదియే.

కోయో మరణానంతరము విమర్శకుల దృష్టి మారినది. 1906లో షిమజాకి తోసోన్ ‘హకాయి’, 1907లో తయామ కతాయి ‘ఫుతోన్’ వెలువడి సహజవాదమునకు ప్రాబల్యము కలుగగా, కోయో శైలి కృత్రిమమైన అలంకారముగా కనబడసాగెను. విమర్శకులు అతనిని ప్రక్కకు నెట్టిన కాలముననే ప్రజలు అతని కథను పాడుకొనుచుండిరి. జనాదరణమే గుణమనుట యెట్లు పొరపాటో, జనాదరణమే దోషమనుటయు నట్టిదే.

కావున ప్రజాదరణ పొందిన నవలను పరిశోధించువాడు రెండు గ్రంథములను చదువవలసియుండును. ఒకటి రచయిత వ్రాసినది, రెండవది పాఠకులు నిలుపుకొన్నది. మొదటిదానిని మాత్రమే చదివినచో, ఒక కాలపు విద్యార్థులు తమ ఓటమి నెచ్చట చూచికొనిరో తెలియదు. రెండవదానిని మాత్రమే చదివినచో మియాకు అన్యాయము జరుగును. ఈ రెండింటి నడుమ నున్న దూరమును కొలుచుట సాహిత్యచరిత్రకారుని బాధ్యత. అతామి విగ్రహము చెంతనున్న చిన్న ఫలకము ఆ దూరమును గుర్తించినది. మియా లేఖలు మాత్రము నవలలోనే యున్నవి. వానిని చదువుటకు పూనుకొను పాఠకునికి ఆ నవల ఈనాటికిని క్రొత్తదే.