నల్లకోటు ఋణం

వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. ఎవరు గెలిచినా ఫీజు ముట్టేది ప్లీడరుకేనన్న నిష్ఠురం అందులో ఉంది. దానికి కారణాలు లేకపోలేదు. అయితే గత నూట ఇరవై ఏళ్ల తెలుగు న్యాయవాదుల చరిత్రను వరసగా చూస్తే, ఫీజును మించిన ప్రయోజనం కోసం నల్లకోటు వేసుకున్నవాళ్లు ప్రతి తరంలోనూ కనిపిస్తారు. వాళ్లను నడిపించినది దయ అని సులువుగా చెప్పేయవచ్చు. కానీ దయ కన్నా బలమైనది, ఎక్కువకాలం నిలిచేది ఋణభావం. తాము చేరిన చోటికి తమంతట తాము రాలేదన్న ఎరుక అది. ఇచ్చినవాళ్లకు ఆ ఋణం తిరిగి తీర్చడం సాధ్యం కాదు గనుక, లేనివాళ్ల వైపు అది ఔదార్యమై పారింది. ఆ ఔదార్యం చాలా ఆలస్యంగా, అనేక ఓటముల తర్వాత, చట్టంలో హక్కుగా నిలిచింది. ఈ క్రమం అర్థమైతే, ఈనాడు ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు తమ పని దేనికోసమో తేల్చుకోవడం తేలికవుతుంది.

వలస పాలనలో కోర్టు అంటే డబ్బున్నవాడి చోటు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 33వ ఆర్డరు పేదవాడికి కోర్టు ఫీజు చెల్లించకుండా దావా వేసుకునే వీలిచ్చింది. పాత రికార్డుల్లో దాన్ని పాపర్ దావా అనేవారు. స్టాంపు ఖర్చు తప్పినా వకీలు ఖర్చు తప్పలేదు. వకీలును పెట్టుకోలేని అలాంటి కక్షిదారుకు కోర్టే ఒకరిని నియమించవచ్చన్న నిబంధన 1976 సవరణతో గానీ రాలేదు. ఆ మధ్యకాలమంతా పేదవాడి కేసు నడిచిందంటే ఎవరో ఒక ప్లీడరు ఫీజు వదులుకోవడం వల్లనే. అంటే చట్టం విడిచిపెట్టిన ఖాళీని దశాబ్దాల పాటు పూడ్చింది వ్యక్తుల మనసే. మనసు మీద ఆధారపడిన న్యాయం అందరికీ అందదు. అయినా ఆ మనసు లేకపోతే తర్వాత వచ్చిన చట్టానికి బీజమే ఉండేది కాదు.

టంగుటూరి ప్రకాశం జీవితంలో ఈ ఋణభావం స్పష్టంగా కనిపిస్తుంది. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను సాకారు. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు చేరదీసి, తనతో రాజమండ్రికి తీసుకెళ్లి చదివించారు. ఆ చదువుతో ప్రకాశం రాజమండ్రిలో ప్లీడరయ్యారు, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో పెద్ద ప్రాక్టీసు సంపాదించారు. 1921లో దాన్ని వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టారు. గడించిందంతా ఆ పత్రికకూ ఉద్యమానికీ ధారపోశారు. 1937 మద్రాసు మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా జమీందారీ రైతుల సమస్య మీద ఏర్పడిన విచారణ సంఘానికి నాయకత్వం వహించి, భూమి రైతుదేనన్న వాదాన్ని నిలబెట్టారు. పూటకూళ్ల ఇంట్లో పెరిగిన పిల్లవాడు జమీందారు వకీలుగా స్థిరపడిపోయే వీలుండీ రైతు పక్షాన నిలిచాడంటే, చదువు తన సొంత ఆస్తి కాదని అతను గుర్తుంచుకోవడమే దానికి మూలమని నేను అనుకుంటాను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ దగ్గరికి వచ్చేసరికి ఈ ఋణం దిశ మారింది. ఆమెను న్యాయశాస్త్రం వైపు తిప్పింది గురువులు కాదు, జైల్లో కలిసిన ఆడవాళ్లు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో శిక్ష అనుభవిస్తూ, హత్యానేరం మీద శిక్షపడ్డ నిరక్షరాస్యులైన స్త్రీలను ఆమె చూశారు. తమ తరఫున ఒక్క మాట మాట్లాడేవాళ్లు లేక వాళ్లు అక్కడికి చేరారు. విడుదలయ్యాక, చిన్నప్పుడే ఆగిపోయిన చదువును మళ్లీ మొదలుపెట్టి మెట్రిక్ నుంచి ఎం.ఏ. దాకా వెళ్లి, 1942లో లా పట్టా పుచ్చుకుని మద్రాసులో ప్రాక్టీసు చేశారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. కుటుంబ వివాదాలకు వేరే కోర్టులు కావాలని 1950లలోనే పట్టుబట్టారు. అందుకు చట్టం ఆమె మరణించిన మూడేళ్లకు, 1984లో వచ్చింది. ఆమె వృత్తిలోకి రాకముందే ఆమె కక్షిదారులెవరో తేలిపోయింది. ప్రయోజనం ముందు, పట్టా తర్వాత అన్న వరస అరుదైనది. ఆ వరసలో వచ్చినవాళ్లు ఆదాయం పెరిగినా తగ్గినా దారి తప్పరు.

వ్యక్తుల ఔదార్యానికి ఉన్న హద్దును దేశానికి చూపించినది కూడా తెలుగు గడ్డ మీది కేసే. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో హైదరాబాద్ ప్రత్యేక ట్రిబ్యునళ్లు కొందరు రైతులకు మరణశిక్షలు వేశాయి. కింది విచారణలో తమకు వకీలు లేడన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. జనార్దన్ రెడ్డి కేసుగా పేరుబడ్డ ఆ వ్యవహారంలో లండన్ నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. మరణశిక్ష పడే కేసులో ముద్దాయికి వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లదని చెప్పలేమని 1951లో కోర్టు తీర్పు చెప్పింది. వకీలు లేని లోటు న్యాయమైన విచారణనే కాదనే స్థాయికి చేరితే పై కోర్టు జోక్యం చేసుకోవచ్చని మాత్రం ఒప్పుకుంది. ఎంత గొప్ప బారిస్టరు ఎంత దూరం నుంచి వచ్చినా, ట్రయల్ కోర్టులో జరిగిన నష్టాన్ని ఢిల్లీలో పూడ్చడం కష్టం. ఔదార్యం ఆలస్యంగా చేరుతుంది. హక్కు మొదటి రోజు నుంచీ తోడుండాలి.

ఆ హక్కు రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1976లో రాజ్యాంగ 42వ సవరణ ద్వారా 39ఎ అధికరణం చేరి, ఉచిత న్యాయసహాయం రాజ్యం బాధ్యత అయింది. 1978లో హోస్కాట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, 1979లో హుసేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ భగవతి ఈ సహాయాన్ని 21వ అధికరణంలోని జీవించే హక్కుతో ముడిపెట్టారు. బీహారు జైళ్లలో శిక్షాకాలాన్ని మించి మగ్గుతున్న విచారణ ఖైదీల కోసం ఆ రెండో కేసు వేసింది పుష్పా కపిలా హింగోరానీ అనే న్యాయవాది. ముద్దాయి అడగకపోయినా వకీలును ఇవ్వాల్సిందేనని 1986లో సుఖ్‌దాస్ కేసు తేల్చింది. 1987లో న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం వచ్చి 1995 నవంబరు 9న అమలుకెక్కింది. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, నిర్బంధంలో ఉన్నవాళ్లు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీని కింద సహాయం పొందవచ్చు. ఈ మెట్లలో ప్రతిదాని వెనకా ఫీజు ఆశించకుండా కోర్టు తలుపు తట్టిన మనుషులున్నారు.

హక్కు వచ్చాక ఔదార్యంతో పనేమిటన్న ప్రశ్నకు మన ముందు తరమే జవాబు. కె.జి. కన్నబిరాన్ పౌరహక్కుల సంఘాన్ని నడుపుతూ, ప్రభుత్వం శత్రువులుగా చూసినవాళ్ల తరఫున దశాబ్దాల పాటు నిలబడ్డారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన కె. బాలగోపాల్ నడివయసు దాటుతుండగా వకీలై, ఆదివాసులు, నిర్వాసితులు, కూలీల కాగితాలు భుజానికెత్తుకున్నారు. బొజ్జా తారకం 1985లో దళితుల మీద జరిగిన కారంచేడు మారణకాండ తర్వాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేసి బాధితుల వైపు వచ్చారు. పోలీసులు అరెస్టు చేస్తే ఏం చేయాలో సామాన్యుడికి అర్థమయ్యేలా పుస్తకం రాశారు. చదువుకున్నవాడు తన సమాజానికి తిరిగి ఇవ్వాలన్నది అంబేద్కర్ ఉద్యమంలో గట్టిగా నాటుకున్న విలువ. తారకం జీవితం ఆ బాకీ తీర్చే ప్రయత్నమే. నోటీసు ఇచ్చినంత మాత్రాన కదలని అధికారం ముందు, కాగితం మీది హక్కుకు గొంతునిచ్చింది ఇలాంటివాళ్లే.

ఈ ఋణం వాదానికి మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ఇది కలిగినవాళ్ల మాట అని. జిల్లా కోర్టులో కొత్తగా చేరిన మొదటితరం జూనియర్ గది అద్దెకే వెతుక్కుంటూ ఉచితంగా ఎలా వాదిస్తాడు? ఈ అభ్యంతరం న్యాయమైనది. బార్ కౌన్సిల్ నియమావళి కూడా పేదలకు ఉచిత సహాయాన్ని అత్యున్నత బాధ్యతల్లో ఒకటిగా చెబుతూనే, దాన్ని న్యాయవాది ఆర్థిక స్థోమత పరిధిలో ఉంచింది. సర్వస్వం కోల్పోయిన ప్రకాశాన్ని గౌరవించాలి గానీ, ఆ నష్టాన్ని ఇరవై అయిదేళ్ల కుర్రవాడికి కొలమానంగా పెట్టకూడదు. కాబట్టి ఔదార్యం ముందు సీనియర్ ఛాంబర్లో మొదలవ్వాలి. తనకు డ్రాఫ్టింగ్ నేర్పిన గురువు ఋణం తీరాలంటే, తన దగ్గర పనిచేసే జూనియర్‌కు పని నేర్పి, బతకగలిగే జీతమివ్వాలి. అది చేయనివాళ్లకు త్యాగం గురించి చెప్పే అర్హత లేదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. న్యాయం హక్కు, దానం కాదు, దాత ముందు పేదవాడు చేతులు కట్టుకోవలసి వస్తుందని. అందుకే నేను దయ అనకుండా ఋణం అంటున్నాను. దానం చేసేవాడి చెయ్యి పైన ఉంటుంది. అప్పు తీర్చేవాడు మాత్రం తలెత్తి చూడలేడు, ఎదుటివాడి ముందు వినయంగానే నిలబడతాడు. జైల్లో చూసిన స్త్రీలకు దుర్గాబాయి దాత కాదు, వాళ్లు ఆమెకు దారి చూపినవాళ్లు. మూడోది, ఉచితంగా దొరికే వకీలు శ్రద్ధ పెట్టడని. చాలాచోట్ల ఇది నిజమవుతున్నందునే 2022లో జాతీయ న్యాయసేవల సంస్థ క్రిమినల్ కేసులకు జీతం మీద పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి తెచ్చింది. జీతం సమయాన్ని ఇస్తుంది. ఫైలు చివరి పేజీ వరకు చదివించేది మాత్రం, ఇది నేను బాకీ ఉన్న పని అన్న స్పృహే.

నూట ఇరవై ఏళ్లలో వ్యక్తి ఔదార్యం చట్టమైంది, చట్టం మళ్లీ వ్యక్తి చేతికే వచ్చింది. 1951లో వకీలు లేని విచారణ నిలబడింది. ఇప్పుడు మండల న్యాయసేవల కమిటీకి వచ్చిన మహిళ ఆదాయం చూపకుండానే వకీలును కోరవచ్చు. ఆ వకీలు బల్ల మీద ఫీజు ఇచ్చిన కక్షిదారు కట్ట, ఇవ్వలేని ఆ మహిళ కట్ట పక్కపక్కనే ఉంటాయి. వాయిదా రోజున రెండూ ఒకే శ్రద్ధతో విప్పినప్పుడు, తనను ఇక్కడిదాకా తెచ్చినవాళ్లకు ఆ వకీలు ఆ పూట బాకీ చెల్లించినట్టు. మర్నాటి వాయిదాకు మళ్లీ బాకీ ఉంటుంది.