తడి పుల్ల, పొడి పుల్ల

నేను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో చేరిన కొత్తల్లో, ఒంటిమీది పంటిగాటు దగ్గర అంటిన ఉమ్మి నమూనా తీయడమంటే తడిపిన దూదిపుల్ల ఒక్కటే. కాగితాల్లో బాధితురాలు 'స్నానం చేసింది' అని కనబడితే మా పెద్దాయన పెదవి విరిచేవారు. ఆయన తప్పేం లేదు. 1984లో లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టిన డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికీ, హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ తయారుచేసిన ప్రోబ్‌కూ డీఎన్ఏ దండిగా కావాలి. కొద్దిపాటి డీఎన్ఏకే బోలెడు నకళ్ళు తీసే పీసీఆర్ వచ్చాకే చిటికెడుతో పని జరిగింది.

1997లో కెనడా దంతవైద్యుడు డేవిడ్ స్వీట్ బృందం శవాల చర్మంపై ఉమ్మి పూసి రెండు పుల్లల పద్ధతిని పరీక్షించింది. ముందు నీటిలో తడిపిన పుల్లను గుండ్రంగా తిప్పుతూ అద్దాలి, వెంటనే అక్కడే పొడి పుల్లతో. అంట్లు నానబెట్టి తోమడం తెలిసినవాళ్ళకు ఇందులో వింతేముంది! మొదటిది ఎండిన కణాలను నానబెడుతుంది, రెండోది ఆ తడితో సహా పీల్చుకుంటుంది. రెంటినీ ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో బూజు పడుతుంది.

స్నానం చేస్తే సబ్బు ఆ కణాలను చాలావరకు తీసుకుపోతుంది, నిజమే. అయినా చర్మపు ముడతల్లో, గోళ్ళ కింద కొన్ని కణాలు మిగలొచ్చు. కాబట్టి దాడి జరిగితే కడుక్కోకుండా ఆస్పత్రికి వెళ్ళండి. కడిగేసుకున్నా సరే, వెళ్ళి నమూనా ఇవ్వండి.